స్మార్ట్ పరికరాలు ఒకదాని పనికి ఇంకొకటి అడ్డుపడకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇళ్లకు స్మార్ట్ స్విచ్‌లు, పొలాలకు ఫోన్‌తో నడిచే స్టార్టర్లు, భోగాపురం, పూసపాటిరేగ వైపు రొయ్యల చెరువులకు సెన్సర్లు వస్తున్నాయి. విడివిడిగా చూస్తే అన్నీ బాగానే పనిచేస్తాయి. ఒకచోట చేరాకే తంటా. ఇలాంటివి బిగించే పనిలో ఉన్నాను కాబట్టి జనం నన్ను ఎక్కువగా అడిగేవి ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గర ఏ కంపెనీ సామాను ఉన్నా ఇవి వర్తిస్తాయి.

పరికరాల మధ్య పేచీ అంటే ఏమిటి? ఏదో ఒకటి పాడైనట్టేనా?

కాదు. ఏ పరికరమూ పాడవదు, యాప్‌లో మీరు పెట్టిన ఏ రూలూ తప్పుగా ఉండదు, అయినా ఫలితం తప్పుగా వస్తుంది. అందుకే పట్టుకోవడం కష్టం.

అన్నిటికంటే తేలిగ్గా కనిపెట్టగలిగేది ఒకే పరికరానికి రెండు ఎదురెదురు ఆదేశాలు రావడం. "సాయంత్రం 6కి మోటారు వెయ్యి" అని ఒక రూల్, "ట్యాంకు నిండితే ఆపు" అని ఇంకో రూల్ ఉన్నాయనుకోండి. 6 గంటలకే ట్యాంకు నిండుగా ఉంటే ఏం జరగాలి? నిండడం మధ్యాహ్నమే జరిగిపోయింది, ఆపమనే రూల్ అప్పుడే పనిచేసి ఊరుకుంది. 6కి మోటారు వేసుకుంటుంది, నీళ్లు వీధిలోకి పోతాయి.

రెండో రకం పైకి కనిపించదు. ఏసీ గదిని చల్లబరుస్తుంటుంది, తేమ సెన్సర్ మాట విని ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆ చల్లగాలినే బయటికి తోస్తుంటుంది. పరికరాలు వేరు, యాప్‌లు వేరు, గదిలో గాలి మాత్రం ఒక్కటే. ఏ యాప్‌కీ ఈ సంగతి తెలియదు.

మూడోది కరెంటు పంపకం. గీజరు 2 కిలోవాట్లు, ఒకటిన్నర టన్ను ఏసీ ఇంచుమించు ఒకటిన్నర కిలోవాట్లు, ఒక హెచ్‌పీ మోటారు ముప్పావు కిలోవాటు. తెల్లవారుజామున మూడూ ఒకేసారి లేస్తే, 3 కిలోవాట్ల లోడు తీసుకున్న ఇంటిలో, లోడు మించితే కరెంటు కోసే ఎంసీబీ పడిపోతుంది. ఒక్కోదాన్ని విడిగా అడిగితే తప్పు నాది కాదనే చెప్తుంది.

స్మార్ట్ హోమ్‌లు వచ్చాకే ఈ సమస్య వచ్చిందా?

లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు కంప్యూటర్‌తో నడవడం మొదలైనప్పుడే ఇంజనీర్లు దీనితో తలపడ్డారు. లైన్ బిజీగా ఉంటే రెండో కాల్‌ని ఆపి ఉంచే కాల్ వెయిటింగ్, లైన్ బిజీగా ఉంటే కాల్‌ని వేరే నంబరుకు పంపే కాల్ ఫార్వర్డింగ్, ఈ రెండూ ఒకే ఫోన్‌కి పెడితే లైన్ బిజీగా ఉన్నప్పుడు ఏది నెగ్గాలి? దీనికి జవాబు పరికరం చెప్పలేదు, ముందే మనిషి రాసిపెట్టాలి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

మా మోటారు కంపెనీ యాప్‌లోనూ ఉంది, అలెక్సాలోనూ ఉంది, పరికరాలన్నిటినీ ఒకచోట నుంచి నడపడానికి మా అబ్బాయి పెట్టిన హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. పర్వాలేదా?

మూడు చోట్ల కనిపించడం పర్వాలేదు. మూడు చోట్లా రూల్స్ ఉండడమే ముప్పు.

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే: ప్రతి పరికరానికీ నిర్ణయించే చోటు ఒక్కటే ఉండాలి. మిగతావన్నీ దానికి విన్నపం పెట్టుకోవాలి తప్ప రిలేని, అంటే కరెంటు కలిపి కోసే స్విచ్చుని, నేరుగా కదపకూడదు. మోటారు విషయం హోమ్ అసిస్టెంట్‌కి అప్పగిస్తే, కంపెనీ యాప్‌లోని టైమర్లు, అలెక్సాలోని రొటీన్లు అన్నీ తీసేయండి. మాటతో అడగడం ఉంచుకోవచ్చు. "మోటారు వెయ్యి" అన్న మాట మాత్రం రిలే దగ్గరకు కాకుండా, నిర్ణయించే చోటికి వెళ్లాలి. ట్యాంకు నిండుగా ఉందా, సంపులో నీళ్లున్నాయా, ఓల్టేజీ సరిపోతోందా అని అది చూసుకుని వేయాలో వద్దో తేలుస్తుంది.

పాత టైమర్లు మర్చిపోవడం చాలా మామూలు. కొన్ని స్విచ్‌లు యాప్‌లో పెట్టిన టైమర్‌ని తమ చిప్‌లోనే దాచుకుంటాయి. యాప్ ఫోన్‌లోంచి తీసేసినా టైమర్ అలాగే నడుస్తూ ఉంటుంది. కొత్త పద్ధతిలోకి మారేముందు స్విచ్‌ని పూర్తిగా రీసెట్ చేసి తిరిగి కలపమని నేను అందుకే చెప్తాను.

రెండు రూల్స్ ఎదురుపడితే ఎవరి మాట నెగ్గాలి?

ప్రాణానికి ముప్పు తప్పించేది అన్నిటికీ పైన. దాని కింద పరికరం కాలిపోకుండా కాపాడేది. ఆ తర్వాత ఇంట్లో మనిషి చేతితో చేసింది, ఆ కింద సౌకర్యం, అట్టడుగున కరెంటు బిల్లు ఆదా. చాలా యాప్‌లలో ఈ వరస ఉండదు, చివరగా వచ్చిన ఆదేశమే నెగ్గుతుంది. దానివల్ల ఒక్కోసారి బిల్లు ఆదా రూల్ ప్రాణరక్షణ రూల్‌ని కొట్టేస్తుంది.

పెద్ద భవనాల ఏసీలు, ఫ్యాన్లు నడిపే బ్యాక్‌నెట్ అనే ప్రమాణంలో దీనికి చక్కటి ఏర్పాటు ఉంది. 1995 నుంచి వాడుకలో ఉన్న ప్రమాణం ఇది. అందులో పరికరానికి ఆదేశం ఇచ్చే చోట 16 గళ్లుంటాయి. 1, 2 గళ్లు ప్రాణరక్షణకి. 8వ గడి ఆపరేటరు చేతితో ఇచ్చే ఆదేశానికి. చిన్న అంకె ఉన్న గడిలోని మాటే చెల్లుతుంది. ఇందులో నాకు బాగా నచ్చేది గడి ఖాళీ చేయడం. పని అయ్యాక ఎవరి గడి వాళ్లు ఖాళీ చేస్తే, దాని కింద ఎదురుచూస్తున్న ఆదేశం దానంతటదే అమల్లోకి వస్తుంది. అన్నీ ఖాళీ అయితే ముందే రాసిపెట్టిన మామూలు స్థితికి పోతుంది. ఎవరి మాటా చెరిగిపోదు, వంతు కోసం ఆగుతుంది, అంతే.

ఇదే పద్ధతిని ఇంట్లో కూడా చిన్నగా కట్టుకోవచ్చు. "ఆన్ చేశాను" అని కాకుండా "ఫలానా కారణంతో ఆన్ కావాలి" అని ప్రతి రూల్ చేత రాయించండి. ఆ కారణాలన్నీ చూసి చివరికి ఒక్క ఆటోమేషన్ మాత్రమే స్విచ్‌ని కదపాలి.

రొయ్యల చెరువులో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఒక్కోసారి వాటంతటవే ఆగిపోతున్నాయి. సెన్సర్ బాగానే ఉంది. ఎందుకు?

దీనికి కాస్త వివరంగా జవాబు చెప్పాలి. ఇక్కడ తప్పు జరిగితే ఒక్క రాత్రిలో పంట పోతుంది.

చెరువు నీటిలో ప్రాణవాయువు పగలు నాచు వల్ల పెరుగుతుంది. చీకటి పడ్డాక ఆ తయారీ ఆగుతుంది. రొయ్యలు, నాచు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి ఉన్నది వాడేసుకుంటాయి. తెల్లవారే ముందు మట్టం అన్నిటికంటే కిందికి పోతుంది. వనామీ రకం రొయ్యలు పెంచే రైతులు లీటరుకు 4 మిల్లీగ్రాముల పైనే ఉండేలా చూసుకుంటారు. అందుకని మొదటి రూల్: మట్టం తగ్గితే ఏరేటర్లు వెయ్యి.

ఇప్పుడు ఆటో ఫీడర్ పెట్టారు. మేత ఏరేటరు సుడిలో చెదిరిపోకూడదని మేత వేసేటప్పుడు కాసేపు ఏరేటర్లు ఆపడం అలవాటే. రెండో రూల్: మేత సమయంలో ఏరేటర్లు ఆపు. ఆపైన జనరేటరు మీద నడిచేటప్పుడు డీజిలు మిగలాలని మూడో రూల్: సగం ఏరేటర్లే నడుపు. ఇవి కాక గట్టు మీద కాపలా మనిషి, లీజు రైతు, టెక్నీషియన్ ముగ్గురి ఫోన్లలోనూ ఒకే లాగిన్. ఎవరో ఒకరు నొక్కుతూనే ఉంటారు.

మబ్బు పట్టిన రోజు నాచు సరిగా పనిచేయదు, సాయంత్రానికే ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. ఆ సమయానికి మేత రూల్ వచ్చి ఏరేటర్లు ఆపేస్తుంది. సెన్సర్ రూల్ మట్టం గీత దాటిన క్షణంలోనే ఒకసారి పనిచేసి ఊరుకునే రకం అయితే, మళ్లీ వేయడానికి ఇంకెవరూ లేరు. మీ చెరువులో జరుగుతున్నది బహుశా ఇదే.

సరిచేయడం ఇలా. సెన్సర్ రూల్ గీత దాటినప్పుడే కాదు, ప్రతి నిమిషమూ మట్టం చూడాలి, తక్కువగా ఉన్నంతసేపూ ఏరేటర్లు నడవాలని పట్టుబట్టాలి. మేత రూల్ ఏరేటర్లు ఆపే ముందు మట్టం ఎంతుందో అడగాలి. తక్కువగా ఉంటే ఏరేటర్లు ఆపకపోవడమే కాదు, మేతే మానేయాలి. ప్రాణవాయువు తక్కువున్నప్పుడు రొయ్య సరిగా తినదు. వేసిన మేత అడుక్కి చేరి కుళ్లి, ఉన్న వాయువునీ లాగేస్తుంది. కాబట్టి ఏరేటరు ఆన్‌లో ఉండాలా ఆఫ్‌లో ఉండాలా అన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు, వరసలో కింద ఉన్న మేత రూల్ ఆ పూటకి పని మానుకోవాలి. ఎదురుపడిన రూల్స్‌ని చూసినప్పుడల్లా "ఎవరు నెగ్గాలి" అనే ముందు "ఇద్దరిలో ఒకరి పని ఇప్పుడు అవసరమా" అని అడగండి.

జనరేటరు మీద ఏరేటర్లన్నీ ఒక్కసారి వేయొద్దు. నేరుగా స్టార్ట్ అయ్యే మోటారు మొదటి క్షణాల్లో మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. కొన్ని సెకన్ల తేడాతో ఒకదాని తర్వాత ఒకటి లేచేలా పెట్టండి. సెన్సర్ నుంచి రీడింగు రావడం ఆగిపోతే? అప్పుడు ఏరేటర్లు ఆన్‌లో ఉండాలి, అలారం మోగాలి. రీడింగు లేకపోవడాన్ని "అంతా బాగుంది" అని లెక్కించే చెరువు కంట్రోలర్‌ని కొనకండి.

మా నాన్నగారు గోడ మీద స్విచ్ నొక్కి లైటు ఆపితే, రెండు నిమిషాలకి సెన్సర్ మళ్లీ వేసేస్తోంది. ఆయనకి విసుగొచ్చి అన్నీ పీకేయమంటున్నారు.

ఆయన కోపం న్యాయమే. ఇంట్లో పెద్దాయన చేతితో చేసిన పనికి విలువ లేకుండా చేసే ఆటోమేషన్ మంచిది కాదు.

చేతితో నొక్కినప్పుడు ఆ గది ఆటోమేషన్ కొంతసేపు తప్పుకోవాలి. హాలుకి గంట, పడకగదికి తెల్లవారే వరకు, అలా. గడువు మాత్రం తప్పకుండా ఉండాలి. గడువు లేకపోతే, ఎప్పుడో ఒకరోజు ఎవరో నొక్కిన నొక్కుడు నెలల తరబడి ఆటోమేషన్‌ని ఆపేస్తుంది, ఎందుకు పనిచేయట్లేదో ఎవరికీ గుర్తుండదు. భవనాల్లో పనిచేసే ఇంజనీర్లకి 8వ గడి తెచ్చే తలనొప్పి ఇదే.

ఒక్క మినహాయింపు ఉంది. నీళ్లు లేకుండా మోటారు తిరగకుండా ఆపే డ్రై రన్ రక్షణ, ఓల్టేజీ రక్షణ, వీటిని మనిషి నొక్కుడు కూడా దాటకూడదు.

ట్యాంకు మోటారు, ఏసీ మాటిమాటికీ ఆన్, ఆఫ్ అవుతున్నాయి.

ఆన్ గీత, ఆఫ్ గీత ఒకే చోట పెట్టి ఉంటారు. నీళ్లు అలలాడితే చాలు, రీడింగు అటూ ఇటూ ఊగుతుంది. రెంటి మధ్యా ఎడం పెట్టండి: ట్యాంకు 30 శాతానికి దిగితే వెయ్యాలి, 90కి చేరితే ఆపాలి. ఏసీ కంప్రెసర్ ఆగాక కనీసం 3 నిమిషాలు మళ్లీ లేవకూడదు. లోపలి ఒత్తిడి సర్దుకోకముందే లేపితే కంప్రెసర్‌కే దెబ్బ. ఏసీలో ఈ ఆలస్యం మామూలుగా ఉంటుంది. దాన్ని స్మార్ట్ ప్లగ్‌తో కరెంటు కోసి ఆపే అలవాటు మానుకోండి.

ఒక రూల్ ఇంకో రూల్‌ని లేపి, అది మళ్లీ మొదటిదాన్ని లేపుతూ పోతే?

చీకటి పడితే లైటు వెయ్యి, వెలుగుంటే లైటు ఆపు. లైటు వెలగగానే సెన్సర్‌కి వెలుగు కనిపించింది, ఆపేసింది. మళ్లీ చీకటి. సెన్సర్‌ని ఆ లైటు వెలుగు పడని చోటికి మార్చడమే మందు. అది కుదరకపోతే సూర్యాస్తమయం వేళని బట్టి నడపండి.

'టాగుల్' బటన్ వాడొచ్చా?

చేతి బటన్‌కి పర్వాలేదు, రూల్‌లో వద్దు. టాగుల్ అంటే ఇప్పుడున్న స్థితిని తిరగేయడం, ఆన్‌లో ఉంటే ఆఫ్, ఆఫ్‌లో ఉంటే ఆన్. నెట్‌వర్కు బాగాలేక అదే ఆదేశం రెండుసార్లు వెళ్తే వేసింది ఆగిపోతుంది. "ఆన్ చెయ్యి" అని స్పష్టంగా రాస్తే పదిసార్లు వెళ్లినా ఫలితం ఒక్కటే.

కరెంటు పోయి వచ్చాక అన్నీ గందరగోళం అవుతున్నాయి. ఏం చేయాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మన తీరంలో కరెంటు పోవడాన్ని ఎప్పుడో జరిగే అరుదైన సంగతిగా కాక, జరిగి తీరేదిగా లెక్కలోకి తీసుకుని రూల్స్ రాయాలి.

ముందుగా చాలా స్మార్ట్ స్విచ్‌లకి, కరెంటు తిరిగొస్తే ఏ స్థితిలో లేవాలో సెట్టింగు ఉంటుంది. గీజరు, మోటారు, ఇస్త్రీ పెట్టె ప్లగ్ ఆఫ్‌లో లేవాలి. ఫ్రిజ్, వైఫై ఆన్‌లో. "పాత స్థితిలోనే లేవాలి" అన్నది మోటారుకి పెట్టకండి. పాత స్థితి నాటికి సంపులో ఉన్న నీళ్లు ఇప్పుడు ఉండకపోవచ్చు.

తర్వాత పాత ఆదేశాలు. పరికరాలు సందేశాలు పంపుకునే ఎమ్‌క్యూటీటీ అనే పద్ధతి వాడేవాళ్లకి ఇది తెలిసి ఉండాలి. రిటెయిన్ గుర్తుతో పంపిన సందేశాన్ని, మధ్యలో సందేశాలు అందించే బ్రోకర్ దాచి ఉంచి, పరికరం మళ్లీ కలిసినప్పుడు అందిస్తుంది. పరికరం స్థితిని అలా దాచడం మంచిదే. ఆదేశాన్ని దాస్తే నిన్నటి "మోటారు వెయ్యి" ఇవాళ అమలవుతుంది. ఆదేశాలకి రిటెయిన్ వద్దు, వీలైతే గడువు పెట్టండి.

ఇక పొలం మోటార్లు. త్రీఫేజ్ రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే లేస్తే ఓల్టేజీ పడిపోతుంది, ఫ్యూజులు పోతాయి. స్టార్టర్‌లో ఆన్ అయ్యే ఆలస్యం మార్చే వీలుంటుంది. పక్క రైతులతో మాట్లాడుకుని ఒకరు 2 నిమిషాలు, ఒకరు 4, ఒకరు 6 అని పెట్టుకోండి. ఇది యాప్ చేసిపెట్టలేదు, గట్టు మీద నలుగురూ కలిసి అనుకోవాల్సిందే.

జనరేటరు, మెయిన్ లైను రెండూ ఒకేసారి కలవకుండా సాఫ్ట్‌వేర్‌లో రూల్ రాస్తే సరిపోదా?

సరిపోదు. ఈ విషయంలో నేను రాజీ పడను, మీరూ పడొద్దు. జనరేటరు కరెంటు వెనక్కి లైనులోకి పోతే, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. రెండూ కలవడం యాంత్రికంగానే అసాధ్యం చేసే చేంజ్ ఓవర్ స్విచ్ తప్పనిసరి. మోటారుని ముందుకీ వెనక్కీ తిప్పే కాంటాక్టర్లకీ, అంటే పెద్ద రిలేలకీ, ఇదే మాట: ఒకటి లోపలికి పోతే రెండోది పోలేకుండా మెకానికల్ ఇంటర్‌లాక్ ఉండాలి. రిలేలు నడిపే ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్‌లాక్ సౌకర్యం ఉంది, అయినా దాన్ని మాత్రమే నమ్ముకోవద్దని దాని తయారీదారులే హెచ్చరిస్తారు. రిలే కాంటాక్టు అతుక్కుపోతే సాఫ్ట్‌వేర్ చేయగలిగింది ఏమీ లేదు.

థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం కథ ప్రతి ఇంజనీరూ చదవాలి. ముందటి మోడల్‌లో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేసి ఆ బాధ్యత సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చారు. 1985–87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది. కొందరు చనిపోయారు.

సరైన పద్ధతి చూడాలంటే రైల్వేని చూడండి. విజయనగరం జంక్షన్‌లో హౌరా–చెన్నై లైనుకి రాయపూర్ లైను వచ్చి కలుస్తుంది. ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు దారులకి ఒకేసారి సిగ్నల్ ఇవ్వాలని ఎవరైనా అనుకున్నా ఇంటర్‌లాకింగ్ ఒప్పుకోదు. పట్టాలు మార్చే పాయింట్లు సరిగా కూర్చున్నాయని రుజువయ్యాకే సిగ్నల్ పడుతుంది, రైలు దాటాకే దారి విడుదలవుతుంది. ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఆ రుజువు సంగతే. "ఆన్ చేశాను" అనుకోవడం వేరు, మోటారు నిజంగా కరెంటు లాగుతోందని మీటరుతో చూడడం వేరు. ఓవర్‌లోడ్ ట్రిప్ అయిన మోటారుని యాప్ ఆన్ అనే చూపిస్తుంటుంది, దాన్ని నమ్మి తర్వాతి రూల్ వాల్వు తిప్పేస్తుంది.

గ్యాస్ లీకైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకునేలా రూల్ పెట్టొచ్చా?

వద్దు. మామూలు ఫ్యానుకీ, స్మార్ట్ ప్లగ్‌లోని రిలేకీ నిప్పురవ్వ రావచ్చు. లీకైనప్పుడు ఏ స్విచ్చూ వేయకూడదు, ఆపకూడదు. గ్యాస్ సెన్సర్‌ని అలారంకీ, గ్యాస్ ఆపే వాల్వుకీ మాత్రమే కలపండి. ఎల్పీజీ గాలి కంటే బరువు కాబట్టి సెన్సర్ నేలకి దగ్గరగా ఉండాలి.

చాలామందికి తట్టని పేచీ ఇక్కడే ఉంది. అలారం విని మీరు వంటింట్లోకి పరిగెడతారు, కదలిక సెన్సర్ మిమ్మల్ని చూసి లైటు వేస్తుంది. అందుకని గ్యాస్ అలారం మోగగానే వంటింటి ఆటోమేషన్లన్నీ ఉన్నవి ఉన్నట్టే స్తంభించిపోవాలి. తలుపులు తెరిచి, రెగ్యులేటరు కట్టేసి, బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయండి.

మ్యాటర్ గుర్తు ఉన్నవి కొంటే ఈ గొడవలు పోతాయా?

పోవు. 2022లో వచ్చిన మ్యాటర్ అనే ప్రమాణం వల్ల వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకే భాషలో మాట్లాడుకుంటాయి, ఒకే పరికరాన్ని రెండు మూడు వ్యవస్థలు నడపొచ్చు కూడా. అంటే ఆదేశాలిచ్చేవాళ్లు పెరిగారు. నిర్ణయించే చోటు ఒక్కటే అన్న మాట ఇంకా అవసరమైంది.

హోమ్ అసిస్టెంట్‌లో ఆటోమేషన్ 'మోడ్' ఏది పెట్టాలి?

ఒక ఆటోమేషన్ నడుస్తుండగానే అది మళ్లీ మొదలవ్వాల్సి వస్తే ఏం చేయాలో చెప్పేది ఇది. ఏమీ మార్చకపోతే సింగిల్ ఉంటుంది, అంటే కొత్త పిలుపుని పట్టించుకోదు. మోటారుకి అదే మంచిది. వరండా లైటుకి రీస్టార్ట్ పెట్టండి, మనిషి కదిలినప్పుడల్లా ఆపే గడియారం మొదటికొస్తుంది. గేటు లాంటి వాటికి క్యూడ్, ఒకటి ముగిశాక ఇంకోటి. ప్యారలల్ మాత్రం ఫోన్‌కి సందేశం పంపడం వంటి పనులకే వాడండి, రిలే కదిపే పనికి వద్దు.

పైడితల్లి పండక్కి ఇంటినిండా చుట్టాలు. సెన్సర్లు అన్నీ ఆపేయాలా?

అన్నీ ఆపితే ట్యాంకు రక్షణ కూడా పోతుంది, సిరిమాను రోజున నీళ్లు అయిపోతే అంతకంటే ఇబ్బంది లేదు. "అతిథులు" అని ఒక మోడ్ పెట్టుకోండి. అందులో దొంగల అలారం, "ఎవరూ లేరు కాబట్టి ఆపు" రకం రూల్స్ పడుకుంటాయి, రక్షణ రూల్స్ మాత్రం నడుస్తాయి. ఒకేసారి రెండు మోడ్‌లు ఉండకూడదు.

కొత్త రూల్ పెట్టే ముందు ఎలా పరీక్షించాలి?

కాగితం మీద పరికరం పేరు రాసి, దాన్ని కదిపే రూల్స్, మనుషులు, యాప్‌లు అన్నీ కింద రాయండి. ఒకటి కంటే ఎక్కువ ఉన్న ప్రతి పరికరం దగ్గరా ఆగి, అవి ఒకే నిమిషంలో వస్తే ఏం జరగాలో తేల్చండి. తర్వాత కొత్త రూల్‌ని కొన్నాళ్లు స్విచ్ కదపనివ్వకుండా, "ఇప్పుడు వేసేదాన్ని" అని ఫోన్‌కి సందేశం మాత్రమే పంపేలా నడపండి. రాకూడని వేళ సందేశం వస్తే తప్పు బయటపడుతుంది, మోటారుకి ఏమీ కాదు.

వైఫై తీసేసి చూడండి. మెయిన్ ఆపి వేసి చూడండి. సెన్సర్ వైరు ఊడదీసి చూడండి. ఈ మూడింటిలో ఏదైనా చేయడానికి బిగించినవాళ్లు ఒప్పుకోకపోతే డబ్బు మొత్తం ఇవ్వకండి. ఏ స్విచ్ ఎప్పుడు, ఎవరి ఆదేశంతో కదిలిందో చూపే లాగ్ కనీసం నెల రోజులది మీ దగ్గరే ఉండేలా అడగండి, పైన చెప్పిన చెరువులోలా ముగ్గురు నడుపుతుంటే ముగ్గురి ఫోన్లకీ మూడు వేర్వేరు లాగిన్‌లు ఇప్పించుకోండి.